పైయింటి నీరు, క్రిందియింటి నష్టము

హైదరాబాదునందలి మియాపూరు మొదలుకొని విశాఖపట్టణమునందలి మధురవాడ వఱకు, ఏ అపార్టుమెంటులో విచారించినను వినవచ్చెడి వివాద మొకటి కలదు. పైఫ్లాటు స్నానాలగదిలో టైల్సు సందుల సిమెంటు అరిగిపోయియో, గోడలో దాగిన పైపు చీలియో, నీరు స్లాబులోనికి దిగి, క్రిందియింటి సీలింగుపై చెమ్మగా వ్యాపించి, పెచ్చులూడి, కొయ్య అలమారలు ఉబ్బి, తుదకు విద్యుత్తు తీగలలోనికి సైతము తేమ ప్రవేశించిన పిమ్మట క్రిందివారు పైవారి తలుపు తట్టుదురు. పైవారు అది బిల్డరు లోపమందురు. బిల్డరు అసోసియేషన్‌ను అడుగుమనును. కార్యదర్శి అది మీ యిరువురి సొంత వ్యవహారమని తప్పుకొనును. నీరు ఎచ్చట పడెనో యనుదానిని కాక, ఎచ్చట పుట్టెనో యనుదానిని బట్టియే బాధ్యత నిర్ణయము కావలెననియు, ఆ నిర్ణయము నష్టమునకు పూర్వమే వ్రాతమూలకముగా నుండవలెననియు నా దృఢవిశ్వాసము.

బీమా యున్నది గదా యని కొందఱు నిశ్చింతగా నుందురు. బీమా నియంత్రణ సంస్థ నిర్దేశానుసారము 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీయందు, అగ్ని, తుపాను, వరద, భూకంపములతోపాటు, నీటి ట్యాంకులు, పైపులు, తత్సంబంధమైన పరికరములు పగులుటవలనను పొంగి పొరలుటవలనను కలుగు నష్టము స్పష్టముగా చేర్చబడినది. కట్టడమునకు బీమా చేసినవారి గృహసామగ్రికి, ఆ మొత్తములో 20 శాతము మేరకు, 10 లక్షల రూపాయల పరిమితికి లోబడి, రక్షణ దానంతటదియే లభించును. ఇది మెచ్చదగిన యేర్పాటు. అయినను పైపు ఒక్క రాత్రిలో పగిలి యిల్లు జలమయ మగుట వేఱు. వాటర్‌ప్రూఫింగు క్షీణించి నెలల తరబడి చెమ్మ దిగుట వేఱు. మొదటిది పాలసీ పేర్కొన్న ప్రమాదము. రెండవది సంరక్షణలోపము, దానికి పరిహారము చెల్లింపవచ్చునని సర్వేయరును ఒప్పించుట మిక్కిలి దుష్కరము. మన అపార్టుమెంట్లను నిత్యము పీడించునది ఈ రెండవదియే యనుట ఆ యిండ్లలో నివసించువా రెఱిగిన సత్యము.

మఱియొక భ్రమ కలదు. పైయింటివారికి పాలసీ యున్నయెడల తమ నష్టమును అదియే తీర్చునని క్రిందివారు తలంతురు. ఒకరి గృహపాలసీ సాధారణముగా వారి సొత్తునకే రక్షణ. పొరుగువారికి కలిగిన హానికి పూచీపడు భాగమును వేఱుగా కొనవలసియుండును. కావున పైపు పగిలినపుడు క్రిందివారు తమ సొంత పాలసీపై తత్‌క్షణమే క్లెయిము చేయుట మేలు. పరిహార మిచ్చిన కంపెనీ, అటుపిమ్మట వారి హక్కులను తాను పొంది, దోషియైన వానినుండి ఆ సొమ్మును రాబట్టుకొనును. పొరుగువాని గుమ్మమున నిలిచి వాదించు భారము ఆ మేరకు తగ్గును. గృహఋణ మిచ్చునపుడు బ్యాంకువారు చేయించిన బీమాపై ఆధారపడువారు, అది తమ జీవితమునకో, కట్టడమునకో, ఇంటిలోని సామగ్రికో ముందుగా తెఱచి చూచుకొనవలెను.

న్యాయస్థానమున కేగుట అంత సులభోపాయము కాదు. తన జలాశయమునుండి వెలువడిన నీరు పొరుగు గనిని ముంచగా, నిర్లక్ష్యముతో పనిలేకయే యజమాని బాధ్యుడని 1868లో ఇంగ్లండు ప్రభువులసభ తీర్పు చెప్పెను. కాని 1913లో, ఎవరో దురుద్దేశముతో పైయంతస్తు తొట్టెలోని కొళాయి విప్పి, నీరు పోవు గొట్టమును మూసివేయుటచే క్రింది దుకాణము సరకు తడిసిన మెల్‌బోర్న్ వ్యాజ్యములో, ఇంటిలో నీటిసరఫరా సాధారణ వినియోగమేయని తలచి ప్రీవీ కౌన్సిలు యజమానిని విముక్తుని చేసెను. ఈ తర్కము ననుసరించినచో, పైవాని నిర్లక్ష్యమును నిరూపించు భారము నష్టపడినవానిపైననే పడును. గోడలోపలి పైపునుగూర్చి అట్టి నిరూపణ మెంత కష్టమో చెప్పనక్కఱలేదు.

ఇల్లు క్రొత్తదైనచో మార్గము కొంత సుగమము. 2016 నాటి రెరా చట్టము 14వ సెక్షను ప్రకారము, స్వాధీన మొసగిన 5 సంవత్సరములలోపల బయల్పడిన నిర్మాణలోపమును, పనితనపు లోపమును, తెలియజేసిన 30 దినములలో బిల్డరు ఉచితముగా సరిచేయవలెను. ఈ గడువు తీరులోపల ప్రతి చెమ్మమచ్చను ఛాయాచిత్రముతో సహా వ్రాతపూర్వకముగా తెలుపుట గృహస్థుల కర్తవ్యము.

గడువు తీరిన భవనములలో భారమంతయు అసోసియేషన్ నియమావళిపైననే యున్నది. మహారాష్ట్ర సహకార గృహసంఘముల నమూనా నియమావళిలో, వర్షపు నీటివలనను, వెలుపలి ఉమ్మడి పైపులవలనను కలుగు లీకేజీలు సంఘముయొక్క ఖర్చుగాను, మిగిలిన మరమ్మతులు సభ్యుని ఖర్చుగాను విభజించిరి. ఈ స్పష్టత మనకును అత్యావశ్యకము. టెర్రస్, ఓవర్‌హెడ్ ట్యాంకు, డక్టులోని నిలువు పైపులు అసోసియేషన్‌వి. ఒక ఫ్లాటునకు మాత్రమే పనిచేయు పైపు, స్నానాలగది నేల ఆ ఫ్లాటు యజమానివి. ఈ రెండు వాక్యములు నియమావళిలో చేరి, ఉమ్మడి భాగములకు అసోసియేషన్ పేరిట పాలసీయు, ప్లంబరు తనిఖీకి తలుపు తీయవలెనను నిబంధనయు తోడైనచో, కలహములలో పెక్కు మొదటి దినముననే చల్లబడును. కార్పస్ ఫండును గేటు అలంకారములకు వెచ్చించు సర్వసభ్యసమావేశములు, వర్షాకాలమునకు ముందు ఒక గంటసేపు దీనిని చర్చింపరాదా?

ఈ చర్చలో ఎవరికిని పట్టనివాడు అద్దెకున్నవాడు. ఆతనికి సమావేశమున ఓటు లేదు. పైపు ఆతనిది కాదు, గోడ ఆతనిది కాదు. తడిసిన పరుపు, పాడైన టీవీ, పిల్లల పుస్తకములు మాత్ర మాతనివి. యజమాని కట్టడమునకు చేసిన బీమా వానిని కాపాడదు. తన సామగ్రికి మాత్రమే భారత్ గృహ రక్షను తీసికొను వీలు ఆతనికి కలదు. ఇల్లు అద్దెకిచ్చునపుడే ఈ సంగతిని యజమాని ఆతనికి చెప్పవలెను, ఒప్పందపత్రములో ఒక పంక్తిగా వ్రాయవలెను.