అలాయ్ చక్రాల సంగతి తర్వాత, ముందు ఉన్న నాలుగు టైర్లు చూసుకుందాం



పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి. కారు ఉన్నవాళ్లే కాదు, తండాలో ఎవరో ఒక అన్న కారెక్కి పరీక్షకో ఆసుపత్రికో వెళ్లేవాళ్లందరూ చదవాల్సిన విషయం.

మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు మన తండాల్లో ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మారుతి 800లు, ఆల్టోలు కనబడుతున్నాయి. సంతోషమే. కొన్నది ఒక్కరైనా వాడేది తండా అంతా. పురుడొస్తే అదే, గుంటూరులో పరీక్ష సెంటర్ పడితే అదే. 2023 మేలో దాచేపల్లి మండలం పొందుగల దగ్గర మిరప పనికి వెళ్తున్న మన ఆడవాళ్ల ఆటోను లారీ గుద్దింది. ఆ తర్వాత మా యాడీలు కూడా "ఆటో వద్దురా, కారే నయం" అంటున్నారు. అంత నమ్మకం పెట్టుకున్న కారును మనం ఎలా ఉంచుతున్నాం?

కారు కొన్న నెలలోపే తమ్ముళ్లు చేసే పనులు మూడు. అలాయ్ చక్రాలు, వెడల్పు టైర్లు, స్ప్రింగులు కోయించి కారును కిందికి దించడం. రీల్స్ చూసి "మలుపులో అతుక్కుపోద్ది అన్నా" అంటారు. మా అభిప్రాయం సూటిగా చెప్తున్నాం: ఇది డబ్బు దండగ, పైగా ప్రమాదం.

ఎందుకో చెప్తాం. పాత అంబాసిడర్‌ను వెనక చక్రాలు నెట్టేవి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 నుంచి ఇప్పటి ఆల్టో దాకా ఈ చిన్న కార్లను ముందు చక్రాలే లాగుతాయి. ఇంజిను, గేర్‌బాక్సు రెండూ ముందే కాబట్టి బరువూ అటే ఎక్కువ. లాగడం, తిరగడం, బ్రేకులో ఎక్కువ వంతు, అన్నీ ముందు రెండు టైర్ల మీదే పడతాయి. అందుకే మలుపులో స్పీడు ఎక్కువైతే స్టీరింగ్ తిప్పినా బండి నేరుగా పోతుంది. వెడల్పు టైరు వేస్తే ఇది పోదు. నీళ్లు నిలిచిన రోడ్డు మీద వెడల్పు టైరు త్వరగా తేలిపోతుంది కూడా. స్ప్రింగు కోస్తే గుంతలో పడ్డప్పుడు చక్రం ఆడే జాగా ఉండదు, టైరు రోడ్డును వదిలి ఎగురుతుంది. నాపరాళ్ల లారీలు తొక్కిన మన రోడ్లకు అది పనికొచ్చే పనేనా?

పోయిన వానాకాలం మా తండా అక్కను కాన్పుకు నరసరావుపేట తీసుకెళ్తున్నాం. ట్రాక్టర్లు పొలాల నుంచి రోడ్డెక్కే చోట నల్లరేగడి బురద పరుచుకుని ఉంది. చినుకు పడితే అది సబ్బే. మలుపులో అన్న భయపడి యాక్సిలేటర్ ఒక్కసారి వదిలేశాడు. వెనక భాగం గిర్రున తిరిగి కారు పత్తి చేలో పడింది. అక్క, బిడ్డ క్షేమం, ఆ దేవుడి దయ. తర్వాత చూస్తే వెనక టైర్లు రెండూ గుండు. వారం ముందే రెండు కొత్త టైర్లు కొన్నాడు, షాపులో చెప్పారని ముందు వేయించాడు.

ఈ తప్పు చాలామంది చేస్తున్నారు. ముందు టైర్లు త్వరగా అరుగుతాయి కాబట్టి కొత్తవి ముందు వేస్తారు. కానీ రెండే కొనగలిగితే కొత్తవి వెనక వేసి, వెనకున్న వాటిలో బాగున్నవి ముందుకు తేవాలి. ముందు జారితే యాక్సిలేటర్ మెల్లగా తగ్గించి, స్టీరింగ్ కాస్త సడలిస్తే పట్టు తిరిగొస్తుంది. వెనక జారితే మనలాంటి మామూలు డ్రైవర్లకు ఆపడం కష్టం. గుండు టైరును మాత్రం ముందూ వెనకా ఎక్కడా ఉంచొద్దు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టం కూడా ఒప్పుకోదు. గాడి మధ్యలో చిన్న గట్లు ఉంటాయి, టైరు వాటి దాకా అరిగితే మార్చాల్సిందే.

తర్వాత గాలి. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. ఆ తర్వాత షాకులు. గుంత దాటాక బండి రెండు మూడుసార్లు ఊగుతుంటే అవి పోయినట్టే. లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు చూపించి, ఆఖర్న అలైన్‌మెంట్ చేయించాలి. బుష్ అరిగి ఉండగా అలైన్‌మెంట్ చేయిస్తే ఆ డబ్బు వృథా.

ఇంకోటి లోడు. ఐదు సీట్ల బండిలో ఎనిమిది మంది, డిక్కీలో బియ్యం బస్తా, పైన కారియర్ మీద మూటలు. వెనక బరువెక్కితే ముందు చక్రాలు తేలిక అవుతాయి. లాగేవీ తిరిగేవీ అవే కదా! బురద ఎత్తులో గిరగిరా తిరుగుతాయి తప్ప బండి ఎక్కదు. కారియర్ మీద బరువు ఉంటే మలుపులో బండి మరింత వాలుతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ అలా వెళ్లేవాళ్లు ఒక్కసారి ఆలోచించండి.

"చిన్న చక్రాలతో ఏం పట్టు వస్తుంది" అనే తమ్ముళ్లకు ఒక మాట. ఇంగ్లండులో 1959లో మినీ అనే కారు వచ్చింది. అదీ ముందు చక్రాలు లాగేదే, చక్రం సైజు 10 అంగుళాలే. 1964, 1965, 1967లో మంచులో జరిగే మాంటే కార్లో ర్యాలీ గెలిచింది. తక్కువ బరువు, నాలుగు మూలల్లో చక్రాలు, నేర్చిన చెయ్యి ఉన్నాయి దానికి. మొదటి రెండూ మన ఆల్టోలో ఉన్నాయి. మూడోది మనం నేర్చుకోవాలి. మలుపులోకి వెళ్లాక కాదు, మలుపుకు ముందే స్పీడు తగ్గించాలి. 2019 ఏప్రిల్ నుంచి కార్లకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు. మన పాత బండ్లలో ఎక్కువ వాటికి అది లేదు. బ్రేకు బిగబట్టి తొక్కితే చక్రం లాక్ అయ్యి స్టీరింగ్ పనిచేయదు.

"డబ్బులెక్కడివి అన్నా" అంటారని తెలుసు. ఫైనాన్సు కిస్తీలు కట్టేవాళ్లమే మేమూ. అలాయ్‌లకు దాచిన డబ్బు ముందు టైర్లకు, షాకులకు పెట్టండి అంటున్నాం, అంతే.

మన గ్రూపులో ఐటీఐ మోటార్ మెకానిక్ చదివిన తమ్ముళ్లు ఉన్నారు. వానలు మొదలయ్యేలోపు ఒక ఆదివారం తండాకొకరు చొప్పున వెళ్లి టైర్లు, గాలి, షాకులు చూసి రావాలని మా కోరిక. ఎవరు ఏ తండాకు వెళ్తారో కింద రాయండి. పేర్లు చూసి తేదీ పెడదాం.