రెండు ఆసుల బలం

పోకర్ ఆటలో ప్రతివానికి రహస్యంగా రెండు ముక్కలు పంచుతారు. తరువాత అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు బల్లమీద పడతాయి. చేతిలోని రెండు ముక్కలు 1,326 విధాలుగా కలియవచ్చు. వాటిలో ఆసుల జతలు 6 మాత్రమే. అంటే సగటున 221 పంపకాలకు ఒకసారి.

ఇంత అరుదైన జత దొరికినవాడు సాధారణంగా నిధి దొరికినవానివలె నోరు మెదపడు. పదిమందినీ ఆటలోకి రానిస్తాడు. ఇది అతితెలివి. ఎదుట ఒక్కడే ఉంటే ఆసుల జత నూటికి సుమారు 85 సార్లు గెలుస్తుంది. ఐదుగురు చివరిదాకా నిలిస్తే ఆ బలం ఇంచుమించు సగానికి దిగుతుంది. కనుకనే ఒకడు పందెం పెంచగానే తిరిగి పెంచి, పోటీని పలచబరచడం మేలు. పైగా అలా పెంచిన పందెంలో సొమ్ము ముందే పోగుపడుతుంది. చేతిలో మిగిలినది తరచు దానికి కొద్దిపాటి రెట్లే గనుక, పెద్ద జత పట్టుకొని వెనుకాడడం లెక్కకు నిలువదు. ఆసు, రాజు కలిసిన చేతికి మాత్రం ఈ ధీమా తగదు. తొలి మూడు ముక్కలలో దానికి జత కుదిరేది మూడింట ఒకసారే.

2010 జూలైలో, లాస్ వేగాస్‌లో జరిగిన ప్రపంచ పోకర్ పోటీలో 7,319 మంది ప్రవేశించగా 15 మంది మిగిలిన ఘట్టమది. అమెరికా యువకుడు మాట్ అఫ్లెక్ చేతిలో రెండు ఆసులు. కెనడావాడైన జొనాథన్ డ్యుహమెల్ చేతిలో రెండు జాకీలు. డ్యుహమెల్ పందెం పెంచాడు. అఫ్లెక్ తిరిగి పెంచాడు. డ్యుహమెల్ మరల పెంచగా, అఫ్లెక్ అంతే మొత్తం ఒడ్డి ఊరుకున్నాడు. పది, తొమ్మిది, ఏడు పడ్డాయి, నాలుగవది రాణి. అఫ్లెక్ తన బిళ్ళలన్నీ ముందుకు తోశాడు. డ్యుహమెల్ చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. కనబడని 44 ముక్కలలో అతనిని గట్టెక్కించగలవి పదే: నాలుగు ఎనిమిదులు, నాలుగు రాజులు, రెండు జాకీలు.

ఐదవ ముక్క ఎనిమిది!

అఫ్లెక్ 15వ స్థానంతో నిష్క్రమించాడు. నాలుగు కోట్లకు పైబడిన ఆ బిళ్ళలు గెలిచిన డ్యుహమెల్ నవంబరులో విజేతగా నిలిచి, 89 లక్షల డాలర్లు అందుకున్నాడు.

అఫ్లెక్ బల్లమీద ముక్కలు పడకముందే సర్వస్వం ఒడ్డవలసిందనే వాదం ఒకటి ఉంది. జాకీలవాడు భయపడి తప్పుకునేవాడేమో గాని, ఒప్పుకుని ఉంటే ఆసులకు దక్కే అవకాశం నూటికి సుమారు 80. రాణి పడిన తరువాత ఒడ్డినప్పుడు అది 77. ఆ మూడు పాళ్ళ తేడాకై అతనిని తప్పుపట్టడం నాకు సమంజసంగా తోచదు.