ఇంజన్ కన్నా ముందు బ్రేకులు
పాత అంబాసిడర్‌ని తుక్కుకి వెయ్యడానికి మనసొప్పక, ఇంటి ఆవరణలోనే ఇంజన్ మార్చుకునేవాళ్ళంటే నాకు గౌరవం. ఆ కోరికలో తప్పేం లేదు. 1489 సీసీ ఇంజన్‌తో ఏళ్ళ తరబడి నడిచిన ఆ కారుకి 1990ల మొదట్లో కంపెనీయే ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్, ఐదు గేర్ల బాక్సు పెట్టి అమ్మింది. అయితే కంపెనీ చేసిన పనికీ, చైన్ పుల్లీ వేలాడదీసి మనం చేసే పనికీ చాలా తేడా ఉంది. మౌంటింగులు కొత్తగా వెల్డింగ్ చేయించాలి. గేర్‌బాక్సు పొడవు మారితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించి బ్యాలెన్సింగ్ చేయించాలి. లేకపోతే కాస్త వేగం అందుకోగానే కాళ్ళ కింద రేకు అదురుతుంది. ఇవన్నీ మంచి మెకానిక్ ఉంటే అయ్యే పనులే. నా భయమంతా బ్రేకుల గురించే. పాత అంబాసిడర్లకి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. కొత్త ఇంజన్‌కి డబ్బు పోసి, బ్రేకుల్ని పాతవాటితోనే సరిపెట్టడం ఎదురొచ్చేవాళ్ళ ప్రాణాలతో చెలగాటం. ఇక కాగితాలు: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులకి హద్దులు పెట్టింది. ఆర్‌సీలో ఒక ఇంజన్ నంబరు, బండిలో మరొకటి ఉంటే ప్రమాదం జరిగిన రోజు బీమా దగ్గర చిక్కు తప్పదు. కాబట్టి ఇంజన్‌కి అడ్వాన్సు ఇచ్చేముందే ఆర్టీఏ ఆఫీసుకెళ్ళి, ఏది ఒప్పుకుంటారో రాతపూర్వకంగా తెలుసుకోండి.