గోధుమ కొండల ఊరికి టీవీలు తక్కువట

2023 సెప్టెంబర్ 23న అమెరికాలోని పుల్‌మన్‌లో జరిగిన కాలేజీ ఫుట్‌బాల్ ఆట చూసినవాళ్ళెవరూ ఆ రెండు జట్లూ ఎందుకూ కొరగానివని అనలేరు. ఒరెగన్ స్టేట్ యూనివర్సిటీది దేశంలో 14వ ర్యాంకు, వాషింగ్టన్ స్టేట్‌ది 21. ఆ సీజన్‌లో అప్పటికి రెండూ ఒక్క ఆట కూడా ఓడలేదు. చివరికి వాషింగ్టన్ స్టేట్ 38-35తో గెలిచింది. అదే రోజు ఉదయం ఈఎస్‌పీఎన్ వారి 'కాలేజ్ గేమ్‌డే' కార్యక్రమంలో లీ కోర్సో, వీళ్ళు ఎవరికీ అక్కర్లేని జట్లని వేళాకోళం చేశాడు. గెలిచిన కోచ్ జేక్ డికర్ట్ ఆట అయ్యాక ఆ మాటకు గట్టిగా జవాబు చెప్పుకోవలసి వచ్చింది. గెలిచిన పూట కూడా వాళ్ళకు ఆ సంతోషం దక్కలేదు.

ఆ కార్యక్రమంలోనే, వ్యాఖ్యాతల వెనక నిలబడే గుంపులో, ముదురెరుపు జెండా ఒకటి ఊగుతూ కనిపిస్తుంది. అది వాషింగ్టన్ స్టేట్ జెండా. ఏ వారం ఏ ఊళ్ళో కార్యక్రమం జరిగితే ఆ ఊరికి పూర్వ విద్యార్థులే దాన్ని చేరవేసి, తెల్లవారకముందే వెళ్ళి ఎత్తి పట్టుకుంటారు. 2003 నుంచీ ఇదే వరస. తమ జట్టు అక్కడ ఆడకపోయినా సరే. అంత అభిమానానికి టీవీ కంపెనీల లెక్కల్లో ఒక గడి కూడా లేకపోయింది.

అమెరికా కాలేజీ క్రీడల్లో కాన్ఫరెన్స్ అంటే ఇరుగుపొరుగు యూనివర్సిటీలు కలిసి కట్టుకున్న కూటమి. ఏటా ఒకరితో ఒకరు ఆడతారు, టీవీ డబ్బు పంచుకుంటారు. ఇప్పుడు పాక్-12 అని పిలిచే పసిఫిక్ తీరపు కాన్ఫరెన్స్ 1915లో పోర్ట్‌లాండ్‌లో పుట్టింది. పుట్టించిన నాలుగు కాలేజీల్లో ఒరెగన్ స్టేట్ ఒకటి. మరి రెండేళ్ళకే వాషింగ్టన్ స్టేట్ చేరింది. నూరేళ్ళు దాటిన ఆ పొత్తు పద్నాలుగు నెలల్లో విడిపోయింది. 2022 జూన్ 30న యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌కు వెళ్తున్నామన్నాయి. మరుసటి ఏడాది జూలైలో కొలరాడో బిగ్ 12 కాన్ఫరెన్స్ దారి పట్టింది. ఆగస్టు 4న, ఒక్క రోజులోనే, ఒరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కు వెళ్ళిపోయాయి. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, బర్కిలీ అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్‌లో చేరాయి. పసిఫిక్ ఒడ్డున ఉన్న బడులు అట్లాంటిక్ పేరు తగిలించుకున్నాయి! పన్నెండులో మిగిలింది రెండే: వాషింగ్టన్ స్టేట్, ఒరెగన్ స్టేట్.

వీళ్ళు ఆటలో వెనకబడ్డారని ఎవరూ అనలేదు. పెద్ద ఊరు లేదు, కాబట్టి టీవీలు లేవు, అన్నారు. వాషింగ్టన్ స్టేట్ ఉన్న పుల్‌మన్ అంటే పలూస్ గోధుమ కొండల మధ్య ఊరు, జనం ముప్పై వేల చిల్లర. ఒరెగన్ స్టేట్ ఉన్న కోర్వాలిస్‌లో అరవై వేలు. సరే, ఊరి సైజే కొలత అనుకుందాం. కోర్వాలిస్‌కు నలభై మైళ్ళ దూరంలో ఉన్న యూజీన్ ఏమన్నా మహానగరమా? కానీ అక్కడి ఒరెగన్ యూనివర్సిటీ వెనక నైకీ వ్యవస్థాపకుల్లో ఒకడైన ఫిల్ నైట్ ఉన్నాడు. కొలత అందరికీ ఒకటే కాదని తెలిసినప్పుడు కడుపు మండకుండా ఎలా ఉంటుంది?

వీళ్ళ విలువ ఏమిటో చెప్పనివ్వండి. హెన్రీ రోనో అనే కెన్యా కుర్రాడు వాషింగ్టన్ స్టేట్‌లో చదువుకుంటూ 1978లో 81 రోజుల్లో నాలుగు ప్రపంచ రికార్డులు బద్దలుకొట్టాడు. 2025లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైన కామ్ వార్డ్ అంతకుముందు రెండు సీజన్లు పుల్‌మన్‌లోనే రాటుదేలాడు. ఒరెగన్ స్టేట్ బేస్‌బాల్‌లో 2006, 2007, 2018లో జాతీయ విజేత. ఇక ఆటలు పక్కన పెడితే, రెండు నోబెళ్ళు అందుకున్న లైనస్ పాలింగ్ ఒరెగన్ స్టేట్ పట్టభద్రుడు. పుల్‌మన్‌లో పనిచేసిన ఆర్విల్ వోగెల్ పొట్టి గోధుమ మీద పరిశోధన చేసి, ఆ విత్తనాలను నార్మన్ బోర్లాగ్‌కు పంపాడు. వాటితో బోర్లాగ్ మెక్సికోలో తయారుచేసిన రకాలే 1960ల్లో మన పంజాబ్ పొలాలకు చేరాయి. మన దేశపు రొట్టెలో కూడా ఆ కొండల రుణం ఉంది.

దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి. ఒరెగన్ స్టేట్ సుమారు 16 కోట్ల డాలర్లు పెట్టి స్టేడియం పడమటి వైపును తిరిగి కట్టుకుంది. దాన్ని తెరిచింది 2023 సెప్టెంబర్‌లో, అంటే కాన్ఫరెన్స్ కుప్పకూలిన మరుసటి నెలలో. ఏటా మూడు కోట్ల డాలర్లకు పైగా వచ్చే వాటా ఆగిపోయింది. ఆ స్కూల్లోనే ఆడి, అక్కడే కోచ్ అయిన జోనథన్ స్మిత్ ఆ నవంబర్‌లో మిషిగన్ స్టేట్‌కు వెళ్ళిపోయాడు. 2025 జూన్‌లో వాషింగ్టన్ స్టేట్ తన అథ్లెటిక్స్ జట్టులో జంపులు, త్రోలు ఎత్తేసింది. షాట్‌పుట్ గుండు పట్టుకుని పుల్‌మన్ వచ్చిన పిల్లకు, ఫుట్‌బాల్ ప్రసార హక్కులకు ఏం సంబంధం? ఆ బేరంలో ఆమెను ఎవరు అడిగారు?

వెళ్ళినవాళ్ళు సుఖపడ్డారా అంటే, సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాలీబాల్ అమ్మాయిలు లీగ్ ఆట కోసం రెండువేల పైచిలుకు మైళ్ళు ఎగిరి న్యూజెర్సీ వెళ్ళాలి. స్టాన్‌ఫర్డ్, బర్కిలీ మొదటి ఏళ్ళకు మూడోవంతు కన్నా తక్కువ వాటాకు ఒప్పుకున్నాయి.

మిగిలిన ఇద్దరూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. పుల్‌మన్ ఉన్న విట్‌మన్ కౌంటీ కోర్టుకెక్కి, కాన్ఫరెన్స్ పగ్గాలు తమవేనని గెలిచారు. వెళ్ళినవాళ్ళు 6.5 కోట్ల డాలర్లు వదులుకునేలా రాజీ కుదిరింది. 2025లో ఒరెగన్ స్టేట్ బేస్‌బాల్ జట్టు, ఆడటానికి కాన్ఫరెన్సే లేక, ఊరూరా తిరిగి ఆటలు వెతుక్కుంటూ చివరి ఎనిమిది జట్లలో ఒకటిగా, జాతీయ పోటీ ఆఖరి దశ జరిగే ఒమాహా చేరింది. దారిలో ఓడించింది ఎవరిని? అదే అట్లాంటిక్ కాన్ఫరెన్స్ వారి ఫ్లోరిడా స్టేట్‌ను. 2026 నుంచి బోయిసీ స్టేట్, గొంజాగా వంటివాళ్ళతో పాక్-12 మళ్ళీ నిలబడుతుంది. అందుకోసం మౌంటెన్ వెస్ట్ అనే మరో కాన్ఫరెన్స్‌ను చీల్చారన్నది నిజం, అది నాకూ మింగుడు పడదు. పొరుగువాణ్ణి చీలిస్తే తప్ప బతకలేని స్థితిలోకి వీళ్ళను నెట్టినవాళ్ళు మాత్రం ఆ నింద మోయడం లేదు.

నా మొర రెండే. ఫుట్‌బాల్ టీవీ డబ్బు కోసం ఎవరు ఎక్కడికి పోయినా, మిగతా ఆటలను ఆ బేరం నుంచి విడదీసి, ఇరుగుపొరుగు కాలేజీలు మళ్ళీ కలిసి ఆడేలా చేయండి. బస్సులో వెళ్ళి, ఆడి, మర్నాటి క్లాసుకు తిరిగి రాగలిగేంత దూరంలో.

రెండోది యాపిల్ కప్. 1900లో మొదలైన వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్‌ల పోరు అది. 2024లో సియాటిల్‌లో ఆఖరి నిమిషాల్లో గోల్ గీతకు గజం దూరంలో వాషింగ్టన్‌ను ఆపేసి, ఈ అక్కర్లేని జట్టే 24-19తో గెలిచింది. మరుసటి ఏడు పుల్‌మన్‌లో 59-24తో ఓడిందన్నదీ నిజమే. ఓడటానికైనా ఆట ఉండాలి కదా! ఇప్పుడున్న ఒప్పందం 2028తో ముగుస్తుంది. రెండూ ప్రభుత్వ యూనివర్సిటీలే, రెండూ ఒకే రాష్ట్రపు పన్నులతో నడిచేవే. కాబట్టి ఈ ఆట ఏటా జరగాలని రాష్ట్ర రాజధాని ఒలింపియాలోని శాసనసభ్యులు 2028 దాకా ఆగకుండా ఇప్పుడే ఆ రెండిటి చేతా రాయించుకోవాలి.