రెండు చిరునామాలు

గత మాసమున ఈ శీర్షిక క్రింద మా వ్యాసము లేకపోయినది. కారణ మడుగుచు కొందఱు సోదరీమణులు జాబులు వ్రాసిరి. మేము మా యత్తగారిని వెంటబెట్టుకొని ముంబయికి పోయియుంటిమి. ఆ ప్రయాణమున మాకు కలిగిన సిగ్గును దాచక చెప్పుటయే మీ జాబులకు తగిన ప్రత్యుత్తరమని తోచినది.

వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు ప్రాంతములవారికి ఆ నగరము క్రొత్తది కాదు. కరవు వచ్చినప్పుడెల్ల పాలమూరు కూలీలు అచ్చటికి పోయి మేడలు కట్టిరి, బాటలు వేసిరి. కామాటిపుర యను పేటకు ఆ పేరు మన కామాటీలవలననే వచ్చినది. అయినను పూర్వము మనవారికి అది పరదేశమే. 1948కి ముందు నిజాము రాజ్యమున హాలీ సిక్కా చెల్లెడిది. బొంబాయిలో కల్దారు రూపాయి. తెచ్చుకొన్న కూలిడబ్బును ఊరు చేరులోపల మార్చుకొనవలసి వచ్చెడిదని మా యత్తగారు తమ మామగారి మాటగా చెప్పుచుందురు.

ఆమె 1971లో క్రొత్త పెండ్లికూతురుగా గుంపుమేస్త్రీ వెంట బొంబాయి చేరిరి. తల్లి లేని చెల్లెలిని గూడ తీసికొనిపోయిరి. ఆ చెల్లెలు పరేలు వైపున బట్టల మిల్లులో పనిచేయు నొక తెలుగు యువకుని పెండ్లాడి అచ్చటనే నిలిచినది. కొల్లాపురము వైపున, కృష్ణ యొడ్డున ఉన్న తమ ఊరు శ్రీశైలము ప్రాజెక్టు నీటిలో మునుగనున్నదని కబురు రాగా, 1980లో మా యత్తమామలు తిరిగివచ్చిరి. మఱుసటి యేట ఊరు మునిగినది. కుటుంబము వనపర్తి చేరినది. చెల్లెలికి పొరుగువారిచేత కార్డు వ్రాయించిరి, బదులు లేదు. మఱియొకటి వ్రాయించిరి, అదియు నంతే. “పట్నం మోజుల పడి అక్కను మరిచింది” అని మనసు రాయి చేసికొనిరి.

నలువది యేండ్లు దాటినవి. గత వేసవిలో జబ్బుపడి లేచిన పిదప, “ఒక్కపారి దాన్ని చూడాలె బిడ్డా” అనిరి.

గద్వాలలో ఆగి చెల్లెలికని నూలుచీర యొకటి, పట్టు అంచుది, కొనిరి. 2013లో గద్వాల నుండి రాయచూరునకు రైలుమార్గ మేర్పడినది గనుక అటనుండి ప్రయాణము సుకరమైనది. దారి పొడవున ఆమెకు దిగులు లేదు. “ఊరంతా నా కాళ్లకెరుకే” అనిరి. ఆమె చదువు నేర్చినవారు కారు. వీధుల పేర్లు ఆమె కెన్నడును తెలియవు. పొగగొట్టము, మిల్లుకూత, నీళ్లకొళాయి, దానిప్రక్క రావిచెట్టు: ఇవియే ఆమెకు చిరునామా.

పరేలులో దిగి చూడగా అద్దాల మేడలు, పెద్ద పెద్ద అంగళ్లు. “గీడనే ఉండె బిడ్డా పొగగొట్టం. అది కూసినంక నా చెల్లె సద్దిగిన్నె పట్టుకొని పోతుండె” అని బాటనడుమ నిలిచిపోయిరి. అచ్చట టీ అంగడిలో నున్న ముసలి తెలుగువా డొకడు సంగతి చెప్పినాడు. 1982 జనవరి 18వ తేదీన మొదలైన మిల్లు కార్మికుల సమ్మెలో రమారమి రెండున్నర లక్షలమంది పని మానిరి. అది ఏడాదికి పైగా సాగినది. అనేకులకు మరల పని దొరకలేదు. మిల్లులును ఒకటొకటిగా మూతపడినవి. అద్దె కట్టలేనివారు చాళ్లు విడిచి చెదరిపోయిరి. కామాటిపురలో పాత తెలుగు కుటుంబములను అడిగి చూడుడని అతడు సలహా యిచ్చినాడు.

రెండవనాడు అచ్చట నొక యింటి తలుపు తీసిన స్త్రీ మా యత్తగారి ముఖమును చూచి చాలసేపు పలుకలేదు. పిదప “పెద్దమ్మా?” అనెను. మరాఠీ కలిసిన తెలుగు ఆమెది. ఆమె తల్లి యేడేండ్ల క్రిందట పోయినదట.

లోపలినుండి ఆమె రేకుపెట్టె తెచ్చినది. అందు మూడు కార్డులు. మూడును మునిగిపోయిన యూరి పేరిట వ్రాసినవి, మూడును తిరిగివచ్చినవే. సమ్మెలో చాలు విడిచితిమనియు, క్రొత్త చోటు ఇదియనియు, అక్కను రమ్మనియు వానిలో నున్నది. ఇక్కడి కార్డులు ఖాళీయైన చాలునకు పోయినవి. అక్కడి కార్డులు నీట మునిగిన యూరికి వచ్చినవి. అక్క మరచినదని చెల్లెలు, చెల్లెలు మరచినదని అక్క తలపోసిరి.

మా యత్తగారు ఏడ్వలేదు. “మళ్ల చదువు బిడ్డా” అని మూడుమార్లు చదివించుకొనిరి. పిమ్మట చీర విప్పి ఆ బిడ్డ భుజములపై కప్పిరి.

ఇక మా సిగ్గు వినుడు. మేము ఆ యింట కోడలిగా అడుగిడి ముప్పది యేండ్లు దాటినది. చదువు వచ్చినవారము. ప్రతిమాసము మీకు హితవులు వ్రాయుచుంటిమి. ముంబయికి పోవు మేస్త్రీలు ఏటేట మా వాకిటనే బస్సెక్కుదురు. వారిలో నొకని చేతికి నాలుగు పంక్తుల చీటి యిచ్చియుండినచో, చెల్లెలు బ్రతికియుండగనే జాడ తెలిసియుండునేమో. అత్తగారిని మేము అడుగనైన లేదు. పాత ముచ్చటలే యనుకొంటిమి.

సోదరీమణులారా, నేడే యొక నోటుపుస్తకము తీయుడు. ఇంటి పెద్దలను కూర్చుండబెట్టి, వారి యక్కచెల్లెండ్రు, అన్నదమ్ములు ఎవరెవరు, ఏ యూర, ఏ పేటలో నుండిరో వ్రాసికొనుడు. పాత తాలూకా పేరును, 2016లో వచ్చిన క్రొత్త జిల్లా పేరును రెండును వ్రాయుడు. ఊరు మునిగినచో, జనము ఎక్కడికి చేరిరో వ్రాయుడు. ఫోనులో నున్న నంబరులను గూడ కాగితముపై నెక్కించుడు. ఫోను పోయిన దినమున అవియే దిక్కు.

మా పుస్తకమున మొదటి పుటలో కామాటిపుర చిరునామా యున్నది. వచ్చు సంక్రాంతికి ఆ బిడ్డ వనపర్తికి వచ్చుచున్నది. తల్లి యూరు ఏదని అడిగినచో, నీటి యొడ్డున నిలిచి చూపవలసియుండును.