కౌలుదారుని ఫలభోగమునకు పత్రము కావలెను: మంథని ప్రాంత ప్రజలకు విజ్ఞప్తి



గోదావరి దక్షిణతీరమున వేదవిద్యకు ప్రసిద్ధిగాంచిన మన మంథని చుట్టుపట్ల, పట్టా యొకని పేర నుండి నాగలి వేరొకని చేత నుండుట నేటి మాట కాదు. పరుల సొత్తును, దాని మూలమునకు హాని కలుగనీయక, వాడుకొని ఫలము ననుభవించు నీ హక్కునకు ఆంగ్ల న్యాయశాస్త్రమున ‘యూసుఫ్రక్ట్’ అని పేరు. వాడుక, ఫలము అను నర్థములు గల రెండు లాటిను పదములు కూడి యేర్పడిన యీ మాటకు, 533లో జస్టీనియను చక్రవర్తి ప్రకటించిన ధర్మసంగ్రహమునందే నిర్వచన మున్నది. 1882 నాటి ఆస్తిబదిలీ చట్టములోని భోగబంధకమునకు ఆంగ్లనామము దీనినుండి పుట్టినదే. బాకీ తీరువరకు అప్పిచ్చినవాడే పొలము దున్నుకొను కుదువను మన పల్లె లెరుగును. పూర్వపు పహాణీలో పట్టాదారుని గడితోపాటు అనుభవదారుని గడియు నుండెడిది. భూరికార్డుల ‘ధరణి’ విధానము వచ్చిన పిదప నది తొలగినది.

ఇక కౌలుదారుని గతి యేమి? 2018 మే 10న మన పొరుగున హుజూరాబాదు ప్రాంతమున నారంభమైన రైతుబంధు పెట్టుబడి సాయము, ఎకరమునకు పంటకు 4,000 రూపాయల చొప్పున పట్టాదారునకే చేరినది. 2022 జూలైలో గోదావరి పొంగి మంథనిని ముంచినప్పుడు, విత్తనమునకు, ఎరువునకు అప్పుచేసి, కౌలు ముందే చెల్లించి, పైరు పోగొట్టుకొన్న కౌలుదారుని పేరు ఏ కాగితమునందును లేదు. పేరు లేనివానికి బ్యాంకు అప్పీయదు. వడ్డీవ్యాపారి యిచ్చును, ఎంతకో మనకు తెలియును.

పట్టాదారుల సంశయమును నేను తేలికగా కొట్టివేయను. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారునకు భూమిపై స్థిరమైన హక్కు లిచ్చినందున, కాగితమన్న వెరపు నేటికిని మిగిలియున్నది. కాని 2011 నాటి సాగుదారుల చట్టము వేరు. దాని రుణార్హతకార్డు చెల్లునది ఒక్క యేడాది. అది అప్పునకు, పంటల బీమాకు, నష్టపరిహారమునకు పనికివచ్చునే గాని, భూస్వామ్యము నిసుమంతయు కదల్పదు. మూలము చెడరాదను నియమము గల హక్కు, వ్రాతలో నున్నప్పుడే యజమానికిని రక్షణ. నోటిమాటపై సాగు కౌలులోనే తగవు లెక్కువ.

కావున వానాకాలపు సాగునకు ముందే ప్రతి గ్రామసభయందును కౌలుదారుల పేర్లు చదివింపవలెను. పట్టాదారులు స్వయముగా వచ్చి అవునని చెప్పవలెను. ప్రభుత్వము, అటకెక్కిన యా 2011 నాటి చట్టమును దింపి, తహసీలు కచేరీలో దరఖాస్తులు స్వీకరించి, యాసంగి రాకముందే కార్డులు పంచవలెను. వ్రాయనేరని వారికి దరఖాస్తులు వ్రాసిపెట్టు భారము మన చదువుకొన్న యువకులది.