కీమో రోగికి జ్వరమొస్తే అర్ధరాత్రైనా తలుపు తెరవాలి



క్యాన్సర్ మందు ఎక్కించడానికి తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. ఎక్కించుకొని ఇంటికొచ్చాక ఏముంది? మూడు వారాలకోసారి కీమో అంటే ఒక రోజు ఆసుపత్రిలో, ఇరవై రోజులు ఇంట్లో. వాంతులు, నోటిపూత, విరేచనాలు, అన్నం సయించకపోవడం అన్నీ ఆ ఇరవై రోజుల్లోనే. "క్యాన్సరంటే ఇవన్నీ మామూలే" అంటారు. వాంతులకు ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటి చవకైన మాత్రలుండగా ఎందుకు మామూలు కావాలి?

అన్నిటికన్నా భయపడాల్సింది జ్వరానికి. కీమో ఎక్కించిన వారం, పది రోజులకు తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడొచ్చే 100.4 డిగ్రీల జ్వరం ప్రాణం మీదికి తేగలదు. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడాలి, రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకూడదు. ఆదిలాబాద్ పక్క పల్లెలో రాత్రి పదింటికి చలి, వణుకు మొదలైతే సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి ఎప్పటికి చేరతారు? ఆర్‌ఎంపీ ఇచ్చిన పారాసిటమాల్ వేసుకొని పడుకుంటారు. ఒళ్లు చల్లబడుతుంది, లోపల ఇన్ఫెక్షన్ ఆగదు. ఆర్‌ఎంపీని తిట్టి లాభం లేదు. ఆ వేళకు తలుపు తీసేది ఆయనొక్కడే.

జిల్లా ఆసుపత్రులన్నిటిలో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. మంచిదే, బస్సు ప్రయాణాలు తగ్గుతాయి. కానీ డే కేర్‌కు సాయంత్రమైతే తాళం పడుతుంది. జ్వరం వేళ చూసుకొని రాదు.

మేం అడిగేది పెద్ద భవనమో, కోట్ల యంత్రమో కాదు. కీమో మొదలైన రోజే రోగి చేతికి ఒక కార్డు, ఒక థర్మామీటరు ఇవ్వండి. ఏ మందు ఏ తేదీన ఎక్కించారో, జ్వరమొస్తే ఎక్కడికి పోవాలో, రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో కార్డు మీద తెలుగులో ఉండాలి. అది చూపిస్తే జిల్లా ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఓపీ చీటీ, వరుస లేకుండా ముందు ఇంజెక్షన్ వేయాలి. ఆ మందు అక్కడ ఎప్పుడూ నిల్వ ఉండాలి. "క్యాన్సర్ కేసు మేం చూడం, పట్నం తీసుకుపోండి" అనే మాట వినపడకూడదు. 108 సిబ్బందికీ ఆ కార్డు అర్థం తెలిసుండాలి.

ఇంట్లో కీమో రోగి ఉన్నవాళ్లంతా డిశ్చార్జ్ కాగితం నకలు తీసుకొని వచ్చే సోమవారం కలెక్టరేట్‌కు రండి. తెలంగాణలో ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇద్దాం. రసీదు తీసుకోకుండా వెనక్కి రావద్దు.